చిన్న బుర్ర తంబుర

పొగమంచు ఏ పూటా పూర్తిగా విడవని కొండల నడుమ ఓ చిన్న రాజ్యం ఉండేది. అక్కడ బుట్టలల్లుకునే సింగారి, చంటిదాన్ని నిద్రపుచ్చడానికి తంబుర చేసుకోవాలనుకుంది. సంతలో అన్నిటికన్నా చవకైన, దోసిట్లో ఇమిడే సొరకాయ బుర్ర ఎంచుకుంది. ఒంటిగది ఇంటికి ఆ పాటి మోత చాలనుకుంది.

ఆ సంగతి విని ఆస్థాన విద్వాంసుడు గంభీరశాస్త్రి మండిపడ్డాడు. తంబురతో సహా ఆమెను సభకు రప్పించాడు.

"ప్రభూ, కోట గుమ్మం దాకా వినపడనిది ఏదీ లెక్కలోకి రాదు. దీన్ని పగలగొట్టించాలి!"

"ముందు విననీ శాస్త్రీ, తరవాత నీ ఇష్టం" అన్నాడు అప్పుడే భోంచేసి వచ్చిన రాజు.

సింగారి తీగ మీటింది. వాన వెలిశాక ఆకుల మీంచి చుక్కలు జారినట్టు పలికింది. వినడానికి సభంతా ఊపిరి బిగబట్టింది. గోడమీది బొమ్మ నెమళ్ళు కూడా కళ్ళు మూసుకున్నట్టనిపించింది. రాజు సింహాసనం మీదే నిద్రలోకి జారుకున్నాడు.

"ఆ బుర్ర పగలగొట్టు" అని శాస్త్రి భటుడితో గుసగుసగా అన్నాడు.

సింగారి చేతులు జోడించింది. "గుమ్మం దాకా వినపడనిది లెక్కలోకి రాదని తమరే సెలవిచ్చారు గదా సామీ. ఆ మాటేదో కాస్త గట్టిగా చెప్పండి."

శాస్త్రి నోరు తెరిచాడు. రాజుగారి గురక విని మళ్ళీ మూసుకున్నాడు.

సింగారి తంబుర చంకన పెట్టుకుని, మునివేళ్ళ మీద బయటికి నడిచింది. కోట గుమ్మం దగ్గర కావలివాడు ఈటెకు ఆనుకుని హాయిగా నిద్రపోతున్నాడు.