నిండు కడవ లెక్క

పూర్వం ఒకానొక రాజ్యం, పేరు మణిమేడు. దాన్ని ఏలే ప్రచండవర్మకు కత్తి పట్టడం అంతంతమాత్రమే గాని, ఘంటం పట్టాడంటే ఆపడం ఎవరి తరమూ కాదు. లెక్కల్లో తనంతటివాడు లేడని ఆయన నమ్మకం. ఆయన తానా అంటే సభ మొత్తం తందానా.

ఒకనాటి ఉదయం భటులు వంటశాల పెద్ద లచ్చమ్మను సభలోకి ఈడ్చుకొచ్చారు. ముప్పై ఏళ్లుగా నేతి కొట్టు తాళం ఆవిడ బొడ్లోనే ఉంది.

రాజు తాటాకు పైకెత్తి చదివాడు. "పండగనాడు కడవలో నాలుగింట మూడు వంతులు నెయ్యి ఉంది. కడవలో మూడింట రెండు వంతులంత వాడారు. మూడులోంచి రెండు పోతే ఒకటి. నాలుగులోంచి మూడు పోతే ఒకటి. పైన ఒకటి, కింద ఒకటి, అంటే నిండు కడవ! కొలిస్తే ఉన్నది మానికెడే. తక్కింది ఏమైందే?"

"తీసేకొద్దీ నెయ్యి పెరుగుతుందా మారాజా?" అంది లచ్చమ్మ ఏడుస్తూ.

"నోర్మూయ్! కడవ ఎవరి కాపలాలో ఉంటే వాళ్లే దొంగ. తాళం లాక్కుని, పొద్దుగూకేలోగా గుండు గీయించి పొలిమేర దాటించండి!"

సభ "ఆహా" అంది. విదూషకుడు ఎల్లనకు మాత్రం కడుపు మండిపోయింది. లెక్క తప్పంటే తన తల పోతుంది, ఊరుకుంటే ఆ ముసలమ్మ వీధిన పడుతుంది. అంతలో ఒక ఉపాయం తట్టి, ఆనందం పట్టలేనట్టు ఎగిరి గంతేశాడు.

"మహాప్రభూ! ఇక మనకు కరువన్నదే లేదు! తింటే పెరిగే లెక్క కనిపెట్టారు! ఈ మధ్యాహ్నమే పాయసంతో లోకానికి చూపిద్దాం. కడవ పక్కన ఏలినవారే కూర్చోవాలి."

రాజు ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. పన్నెండు మానికలు పట్టే కడవలో ఎల్లన నాలుగింట మూడు వంతులు పాయసం పోయించాడు. రాజు మూత మీద చెయ్యి తియ్యకుండా కాపలా కూర్చున్నాడు. అందరూ తిన్నాకే రాజు తినడం మణిమేడు ఆచారం. కడవలో మూడింట రెండు వంతులంత పాయసం సభ లొట్టలేసుకుంటూ లాగించింది. ఆకలి నకనకలాడుతుంటే రాజు ఆత్రంగా కడవలోకి తొంగిచూశాడు.

అడుగున మానికెడు పాయసం!

"ఎల్లనా! నిండు కడవ ఏదిరా?"

"అన్యాయం ప్రభూ! పదకొండు మానికలు మాయం! కడవ ఎవరి కాపలాలో ఉంటే..." ఎల్లన వాకిలివైపు తిరిగి గట్టిగా కేకేశాడు. "మంగలిని పిలవండి!"

రాజు చెయ్యి గబుక్కున కిరీటం మీదికి పోయింది. మరుక్షణం రాజు పగలబడి నవ్వాడు.

"చచ్చేంత ఆకలి పెట్టావు గదరా! మరి అసలు లెక్కేమిటి?"

"వేరువేరు వంతుల్ని నేరుగా తీసెయ్యకూడదు ప్రభూ. రెండింటినీ ఒకే కొలతలోకి తేవాలి. కడవలో నాలుగింట మూడంటే తొమ్మిది మానికలు. మూడింట రెండంటే ఎనిమిది. తొమ్మిదిలోంచి ఎనిమిది పోతే ఒకటి. కడవలో పన్నెండో వంతు."

రాజు తన కంకణం తీసి ఎల్లన చేతికి తొడిగాడు. లచ్చమ్మను పిలిచి, తాళం తిరిగి ఇచ్చి, "తప్పు నాదేనమ్మా. నీకేం కావాలో కోరుకో" అన్నాడు.

లచ్చమ్మ కళ్లు తుడుచుకుంది. "ఈసారి నా కొట్టుకు లెక్క చూడ్డానికొచ్చేటప్పుడు ఆ తాటాకు ఇంట్లో పెట్టి, కొలిచే మానిక పట్టుకు రండి మారాజా."

అందరికంటే గట్టిగా నవ్వింది రాజే.