గడ్డి కప్పిన దాలమ్మ

నేను అనగనగా అంటే మీరు ఊ అనాలి. ఊ వినపడకపోతే కథ అలిగి వెనక్కెళ్ళిపోతుంది. అన్నారా? ఆఁ, అయితే వినండర్రా.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక రేవు. రేవు పక్కన దంతపు పని వీధి. దంతం చెక్కేవాళ్ళూ, రాయి అరగదీసేవాళ్ళూ అందరూ అక్కడే. వీధి చివర ఏనుగుసాల. సాలలో ఒక్కటే ఏనుగు, పేరు సింగన్న. వాడికి గడ్డి కోసి వేసే ముసలిది దాలమ్మ. మొగుడు లేడు, పిల్లల్లేరు. పొద్దున్నే గడ్డి కోసేది, నీళ్ళు చల్లేది, "సింగన్నా!" అని పిలిచేది. వాడు తొండమెత్తి ఘీంకరించేవాడు. మధ్యాహ్నమూ అంతే. సాయంత్రమూ అంతే.

ఒకనాడు చీనా నుంచి ఓడ వచ్చింది. ఓడ నిండా పచ్చరాళ్ళు. మామూలు రాళ్ళనుకునేరు! ఉలి దిగదు వాటికి. ఇసకా నీళ్ళూ పోసి, చక్రం తిప్పి తిప్పి అరగదీయాల్సిందే. ఆ రాళ్ళు దొర్లిపోకుండా సందుల్లో రెండు వంకర దుంగలు కుక్కారు. నల్లటి బెరడు, మట్టి వాసన.

సింగన్న రాళ్ళు ఒడ్డుకు లాగుతున్నాడు. దుంగల దగ్గరికొచ్చి టక్కున ఆగిపోయాడు. తొండంతో ఒకసారి తడిమాడు. రెండోసారి తడిమాడు. మూడోసారి తడిమి, అక్కడే నిలబడిపోయాడు. అంకుశంతో పొడిచినా కదల్లేదు.

"ఏటి బాబూ అది?" అని దాలమ్మ ఓడ సరంగును అడిగింది.

"నేల ఏనుగు దంతం, మామ్మా. ఉత్తరాన మంచుదేశం ఉంది. అక్కడ ఆ ఏనుగు నేల కిందే తిరుగుతుందట. ఎండ కంటబడితే చచ్చిపోతుందట. మంచు కరిగినప్పుడు దంతాలు బయటపడతాయి. ఏ కాలం నాటివో ఎవడికి తెలుసు!"

దాలమ్మ ఆ మాట విని, "అయ్యో పాపం" అనుకుని ఊరుకుంది.

అంతలో రాజుగారికి కూతురు పుట్టింది. రాజమాతకు మనవరాలంటే ప్రాణం. ఉయ్యాలకు పచ్చరాతి చిలక కావాలంది. చిలక వాలడానికి దంతపు కొమ్మ కావాలంది. రాజుగారి మనుషులు దంతం కోసం ఏనుగుసాలకు వచ్చారు.

"ఈ ముసలి ఏనుగు బరువులు లాగలేకపోతోంది. చిలక పూర్తయిన రోజున దీన్ని చంపి, దంతం మొదలంటా తీసుకుపోతాం" అన్నారు.

దాలమ్మ సింగన్న ముందుకు ఉరికింది. అడ్డం పడి ఏడ్చింది. "బాబూ, ఆడు పిలిస్తే పలుకుతాడు బాబూ! పిలిస్తే పలికేవోణ్ణి ఎలాగ సంపుతారు?"

"అయితే దంతం నువ్వియ్యవే ముసలీ!" అని వాళ్ళు ఎగతాళి చేశారు.

"ఇస్తాను!" అంది దాలమ్మ.

అనేశాక గానీ భయం వేయలేదు. పరుగు పరుగున రేవుకు పోయింది. "రాళ్ళు దిగిపోయాయి, ఆ దుంగలు మాకెందుకు? పట్టుకుపో" అన్నాడు సరంగు. సింగన్న చేతనే మోయించుకొచ్చింది.

వీధిలో మొదటి ఇంటికి వెళ్ళింది. "ఇది కర్ర" అన్నారు. రెండో ఇంటికి వెళ్ళింది. "ఇది రాయి" అన్నారు. మూడో ఇల్లు పైడాచారిది. చిలకను అరగదీస్తున్నది ఆయనే.

పైడాచారి గోటితో గీకి చూశాడు. "దంతమే, దాలమ్మా. కానీ చెమ్మగా ఉంది. కలపను ఆరబెట్టినట్టు ఒకదాన్ని ఎండలో పడేద్దాం."

పడేశారు. మిట్టమధ్యాహ్నానికి ఫట్, ఫట్, ఫట్! దంతం నిలువునా చీలి పేళ్ళుపేళ్ళుగా రాలింది. పైడాచారి నెత్తి పట్టుకున్నాడు. దాలమ్మ ఏడ్చి ఏడ్చి, ఉన్నట్టుండి ఆగింది.

"ఎండ కంటబడితే సచ్చిపోద్దన్నాడు కదా ఆ సరంగు! సచ్చినాక కూడా దానికి ఎండ పడదు బాబూ!"

మిగిలిన దంతాన్ని సింగన్న సాలలోకి తీసుకుపోయింది, చీకటి మూలకి. మొదట తడిగడ్డి కప్పింది. కొన్నాళ్ళకి వాడిన గడ్డి కప్పింది. ఇంకొన్నాళ్ళకి ఎండుగడ్డి కప్పింది. పసిబిడ్డకు దుప్పటి మార్చినట్టు మార్చుకుంటూ పోయింది. వానలొచ్చాయి, వెళ్ళాయి. చలి వచ్చింది, వెళ్ళింది.

రాజుగారి మనుషులు వచ్చి అడిగారు, "చిలక అయిందా?" "రాయి కదా బాబూ" అన్నాడు పైడాచారి. మళ్ళీ వచ్చారు, "అయిందా?" "రాయి కదా బాబూ." మూడోసారి కూడా "రాయి కదా బాబూ" అనే అన్నాడు. ఆయన చక్రం మీద ఇసక కాస్త పిసినారిగా పోస్తున్నాడని వీధంతటికీ తెలుసు. ఒక్కడంటే ఒక్కడు నోరు విప్పితే ఒట్టు!

ఎంత సాగదీసినా చిలక ఒకనాటికి పూర్తయింది. బల్లేలు పట్టుకుని మనుషులు వచ్చేశారు. రాజమాత కూడా పల్లకీలో వచ్చింది. దాలమ్మ గడ్డి తీసింది. పైడాచారి బెరడు చెక్కాడు. లోపల మీగడ రంగు! వెంట్రుకంత పగులైనా లేదు.

రాజమాత చేత్తో నిమిరింది. "ఏ ఏనుగుదే ఇది?"

"ఎప్పుడో పోయింది తల్లీ. దానికోసం ఏడ్సేవోళ్ళు ఎవరూ మిగల్లేదు. ఈడికి నానున్నాను."

రాజమాత సింగన్న వైపు చూసింది. వాడి కాలి గొలుసు విప్పమంది. పైడాచారి ఆ దంతంతోనే కొమ్మ చెక్కాడు. దాని మీద పచ్చని చిలక వాలింది. కింద పాప కేరింతలు కొట్టింది.

ఆ తర్వాత చాన్నాళ్ళు బతికింది దాలమ్మ. ఒక వేసవిలో, మిట్టమధ్యాహ్నం, గడ్డిమోపు నెత్తినుండగానే దారిలో కూలిపోయింది. సింగన్న సాలలోంచి ఉరికొచ్చాడు. మోపు విప్పాడు. తొండంతో కొంచెం కొంచెంగా గడ్డి తీసి దాలమ్మ మీద కప్పాడు. మొహం కప్పాడు, చేతులు కప్పాడు, కాళ్ళు కప్పాడు. పైన తన నీడ పట్టి నిలబడ్డాడు. ఒక్క ఎండపొడ తగలనియ్యలేదు.

వీధి జనం పరుగెత్తుకొచ్చి "దాలమ్మా!" అని పిలిచారు. దాలమ్మ పలకలేదు. సింగన్న పలికాడు.

అప్పటినుంచి ఆ వీధిలో పనికి ఏ కొత్త సరుకు వచ్చినా ముందు గడ్డి కప్పుతారు. దాన్ని దాలమ్మ దుప్పటి అంటారు. చేయి తిరగని పనివాడు తొందరపడితే, "దుప్పటి మార్చావా?" అని నవ్వుతారు.

ఎవరైనా దంతం అమ్మకానికి తెస్తే మాత్రం ఎవరూ నవ్వరు. ధర అడగరు, బరువు చూడరు. వీధిలో పెద్దాయన గుమ్మంలోనే నిలబెట్టి ఒక్క మాట అడుగుతాడు.

"నాయనా, ఇది పిలిస్తే పలికేదా?"