నాలుగు శుద్ధప్రతుల వంతెన

కాళ్ళు కడుక్కున్నారా? దుప్పటి ఇద్దరికీ సరిపోయిందా? లాక్కుంటే నేను చెప్పను, ముందే అనేస్తున్నాను. ఇవాళ్టి కథలో నవ్వు కూడా తక్కువే. సరేనా? అయితే ఊ కొట్టండి.

అనగనగా ఒక ఏరు. ఏటికి ఇవతల ఒక ఊరు, అవతల ఒక ఊరు, మధ్యలో ఒక పడవ. ఇవతలి ఊళ్ళో బ్రహ్మయ్య ఆచారి అని పెద్ద మేస్త్రీ. రాతి వంతెనలు కట్టడం వాళ్ళింటి పని. రాజ్యంలో ఏ వంతెన చూసినా ఆ ఇంటి చెయ్యే. సొంత ఊరి ఏటి మీద మాత్రం వంతెన లేదు. రాజుగారు కట్టమన్న చోటే కట్టాలి కదా, ఈ ఏరేమో రాజుగారి కంటికి ఆనలేదు. ఒక వానాకాలం బ్రహ్మయ్య భార్య పడవలో వస్తూ ఏట్లో పోయింది. ఆయన ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు. పడవెక్కడం మాత్రం మానేశాడు.

ఊ కొడుతున్నారా? ఆఁ.

ఆయనకి ఒక కొడుకు, ఒక కూతురు. కూతురు గౌరమ్మని మేనరికమని అవతలి ఊరికే ఇచ్చారు. ఆ పిల్లకి నెలలు నిండుతున్న సంవత్సరమే రాజుగారు ఏటి మీద వంతెన కట్టమన్నారు. ఏడో నెలలోనే పుట్టింటికి తీసుకురావాలి కదా అంటారేమో, అత్తగారు మంచం పట్టింది. ఆవిణ్ణి వదిలి రానంది గౌరమ్మ. ఆషాఢంలో వస్తాను నాన్నా, అప్పటికి మీ వంతెన అవుతుందిగా, నడిచే వస్తాను అని కబురు పెట్టింది. మంత్రసాని చూస్తే ఇవతలి ఊళ్ళోనే ఉంది. ఇంక బ్రహ్మయ్యకి నిద్ర పట్టేదా? కూతురు పడవెక్కకూడదు. ఆయనకి అదొక్కటే.

కొడుకు పేరు విరూపాక్షుడు. ఏటి ఒడ్డున ఒక పూట నిలబడితే చాలు, ఏ స్తంభం ఎంత లావుండాలో, వరద ఎంత తోస్తుందో లెక్క కట్టేవాడు. ఆ ఇంట్లో అలాంటి లెక్క ఇంకెవరికీ రాదు. ఆ లెక్కలన్నీ తాటాకుల మీద గంటంతో రాసి, కట్టలు కట్టి అటక మీద పెట్టేవాళ్ళు. ఆకులంటే ఊరికే పడుంటాయా? నూనె రాయాలి, మసి పుయ్యాలి, పురుగు పట్టకుండా చూడాలి. విరూపాక్షుడు చిన్నప్పుడెప్పుడో సరదాపడి ఆ పని నేర్చుకున్నాడు. అదే వాడి ప్రాణానికొచ్చింది. ఆకు చిట్లిందిరా విరూపాక్షా, తాడు తెగిందిరా విరూపాక్షా, పురుగొచ్చిందిరా విరూపాక్షా, ఎలకొచ్చిందిరా విరూపాక్షా. ఏటి దగ్గరుండాల్సిన మనిషి అటక మీదుండేవాడు. మీ అమ్మ ఆఫీసులో కంప్యూటరు ఆగిపోతే, ఫ్లైఓవర్ల లెక్కలు చూడాల్సిన మీ అమ్మే బల్ల కింద దూరి వైర్లు పీకి చూసేదే, అచ్చం అలాగే.

వాడి పెళ్ళాం అచ్చాయమ్మ. మాట తక్కువ, చూపు ఎక్కువ. పొరుగూళ్ళో కంఠయ్య కుటుంబం ఉందనీ, పన్నెండిళ్ళ ఆకులు వాళ్ళే చూస్తారనీ, వారం వారం వచ్చి చూసి పోతారనీ మామగారికి చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు. మన లెక్కలు బయటివాడి చేతిలో పెట్టడమేమిటమ్మా, ఇంట్లో ఆ పని వచ్చినవాడుండగా అన్నాడు. ఆ మాటలో తప్పేముంది అనిపిస్తుంది కదూ? ఆయనకీ అలాగే అనిపించింది.

ఇంక అసలు సంగతి వినండి. ఆ ఇంట్లో ఒక మాట ఉండేది, శుద్ధప్రతి. తప్పులన్నీ దిద్దేశాక, ఇంక మార్చక్కర్లేని ఆకు మీద ఆ మాట రాస్తారు. బాగుంది కదా? కానీ ఒకసారి రాశాక మళ్ళీ ఏదో దిద్దాల్సొస్తుంది. కొత్త ఆకు తీస్తారు, దాని మీదా శుద్ధప్రతి. పాత ఆకు పారెయ్యడానికి చెయ్యి రాదు. అదీ ఉంటుంది, ఇదీ ఉంటుంది. ఎప్పటిదో తిథి రాయరు.

మూడో స్తంభం పునాది ఆరు మూరల లోతని విరూపాక్షుడు మొదట రాశాడు. తర్వాత అచ్చాయమ్మ చేత తాడు పట్టించి, ఏట్లో ఇనప చువ్వ దింపి చూశాడు. ఆరు మూరల దగ్గర తగిలింది రాయి కాదు, కంకర పొర. దాని కింద మళ్ళీ ఇసకే. అసలు రాయి తొమ్మిది మూరల్లో ఉంది. లెక్కంతా మార్చి కొత్త శుద్ధప్రతి రాసి అటక మీద పెట్టాడు. పెట్టిన రెండో రోజే అటక నిండా ఎలకలు. తొమ్మిది రోజులు వాణ్ణి కిందకి దిగనివ్వలేదు. ఆ తొమ్మిది రోజుల్లో బ్రహ్మయ్య చేతికందిన ఆకు తీసుకెళ్ళి మూడో స్తంభం నిలబెట్టేశాడు.

అచ్చాయమ్మ పనివాళ్ళకి అంబలి పట్టుకెళ్ళింది. లోతెంత తీశారని మామూలుగా అడిగింది. ఆరు మూరలమ్మా, శుద్ధప్రతిలో అంతే ఉంది అన్నారు. ఆ పిల్ల చేతిలో కుండ అక్కడే దింపేసి ఇంటికి పరిగెత్తింది. మొగుడు మోచేతుల దాకా నూనెతో ఉన్నాడు. ఇద్దరూ కలిసి వెతికితే మూడో స్తంభానికి మూడు శుద్ధప్రతులు దొరికాయి. మామగారి దగ్గరున్నదాంతో నాలుగు. తొమ్మిది మూరలని రాసిన ఆకు ఏదో తెలుసా? ఎలక కొరికింది. అంకెలున్న సగం తినేసి, శుద్ధప్రతి అన్న మాట మాత్రం వదిలేసింది.

నవ్వకండి. విరూపాక్షుడు ఎలక మిగిల్చిన ముక్కలు ఏరుతున్నాడు.

అచ్చాయమ్మ ఆ ముక్క పట్టుకుని ఏటి దగ్గరికెళ్ళి మామగారి ముందు నిలబడింది. సగం ఆకు చూసి నిలబెట్టిన స్తంభం విప్పమంటావా, నెల తిరిగితే వానలు, గౌరమ్మ ఎలా వస్తుందమ్మా అన్నాడాయన. ఆమె అక్కడున్న ఇనప చువ్వ తీసి ఆయన చేతికిచ్చింది. "మామయ్యగారూ, చువ్వ మీరే దింపి చూడండి" అంది.

స్తంభం పక్కనే చువ్వ దింపాడు. ఆరు మూరల్లో ఖంగుమంది. చూశావా, రాయే అన్నాడు. ఇంకో దెబ్బ వెయ్యండి అందామె. వేశాడు. చువ్వ కసుక్కున దిగిపోయింది, దాంతోపాటు ఆయన చెయ్యీ నీళ్ళలోకి జారింది. ఆ స్తంభం మీద నుంచి నడవాల్సింది ఎవరు? ఆయన కళ్ళకి కూతురే కనబడింది. పాపం, అంత పెద్ద మనిషి ఏడ్చాడు.

నిద్రపోయారా? లేదా? ఊ అనండి మరి.

స్తంభం విప్పాలి, లోతు తియ్యాలి, ఎలక తిన్న లెక్కంతా మళ్ళీ కట్టాలి. లెక్కకి విరూపాక్షుడికి ఎనిమిది రోజులు పడుతుంది. అటక మీద చూస్తే మిగిలిన ఆకులు పాడైపోతున్నాయి. రెండు చోట్లా ఒక్క మనిషే కావాలంటే ఎలా? బ్రహ్మయ్య కండువా దులిపి భుజాన వేసుకుని, పొరుగూరు నడిచెళ్ళి కంఠయ్య గుమ్మంలో నిలబడ్డాడు. మా ఆకులు చూసిపెట్టు నాయనా అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆయనకి ఎంత కష్టమైందో మీకు పెద్దయ్యాక తెలుస్తుంది.

కంఠయ్య తన మనుషులతో వచ్చాడు. మీ అమ్మ ఆఫీసుకి మొన్నట్నుంచి బయటి కంపెనీ వాళ్ళొచ్చి కంప్యూటర్లు చూస్తున్నారే, అలాంటివాళ్ళన్నమాట. అటకెక్కి వాసన చూసి, ఏ పురుగో, ఏ మూల నుంచి వచ్చిందో చెప్పేశాడు. నీకెలా తెలుసని బ్రహ్మయ్య నోరు తెరిచాడు. "ఈ పురుగు మీకు కొత్త బాబూ. నేను పన్నెండిళ్ళలో చూశాను" అన్నాడు కంఠయ్య. మా లెక్కలు బయటికి పోతే అని బ్రహ్మయ్య నసిగాడు. కంఠయ్యకి కోపం రాలేదు. ఆకు ముట్టుకునేది ఎవరో పేర్లు చెప్పాడు, ఇంకెవరూ ముట్టరని దీపం ముందు ప్రమాణం చేశాడు. ప్రతి ఆకుకీ తిథి రాయించాడు. పాతవాటికి ఎర్ర దారం కట్టాడు. శుద్ధప్రతి అన్న మాట ఒక్కో స్తంభానికి ఒక్క ఆకు మీదే ఉంచి మిగతావాటి మీద గీకేశాడు. అన్నిటికీ ఇంకో నకలు రాయించి, ఏటి నీళ్ళు రాని తన ఊళ్ళో పెట్టాడు. పాడయ్యాక పిలవడం కాదు, వారం వారం నేనే వస్తాను అన్నాడు.

విరూపాక్షుడు చేతులు కడుక్కుని ఏటి ఒడ్డుకెళ్ళాడు. ఎనిమిది రోజులన్న లెక్క ఆరు రోజుల్లో అయింది. స్తంభం విప్పారు. తొమ్మిది మూరలు తవ్వారు, రాయి తగిలింది. మళ్ళీ లేపారు. కానీ వాన ఆగుతుందా? ఆఖరి రెండు స్తంభాల మధ్య బండలు పరవకముందే వరద వచ్చేసింది. ఆ మధ్యాహ్నమే అవతలి ఒడ్డున గౌరమ్మకి నొప్పులు.

పడవ తేలేలా లేదు. బండలు లేని చోట తాటి దుంగలు పరిచారు. గౌరమ్మ మొగుడి భుజం పట్టుకుని అడుగు వేసింది. బ్రహ్మయ్య మూడో స్తంభం మీద నిలబడ్డాడు, పోతే ఇద్దరం పోదామని. కొట్టుకొచ్చే చెట్లు స్తంభానికి తగలకుండా విరూపాక్షుడు పొడుగాటి వాసపు కర్రతో తోస్తున్నాడు. ఏ చెట్టు ఎటు తిరుగుతుందో ముందే తెలిసేది వాడొక్కడికే. సరిగ్గా అప్పుడు ఇంటి దగ్గర్నుంచి మనిషి పరిగెత్తుకొచ్చాడు, అటక కారిపోతోంది, ఆకులు తడిసిపోతున్నాయని.

బ్రహ్మయ్య ఎప్పటిలాగే ఒరే విరూపా అని నోరు తెరిచాడు. అంతలోనే మూసుకున్నాడు. "కంఠయ్యకి చెప్పండి. వీడికి ఇక్కడ పనుంది" అన్నాడు.

గౌరమ్మ మూడో స్తంభం దాటింది. నీళ్ళు వచ్చి కొడుతున్నా రాయి కదల్లేదు. దీపాల వేళకి ఆడపిల్ల పుట్టింది, తల్లీపిల్లా క్షేమం. అటక మీద ఆకులు? వాన ముదరడం చూసి కంఠయ్య మనుషులు పిలవకుండానే వచ్చి, కబురు అందేలోపే దింపేశారు. తడిసిన నాలుగింటికి కంఠయ్య ఊళ్ళో నకళ్ళున్నాయి.

మనకి వచ్చిన పనైనా సరే, మనమే చెయ్యాలని లేదర్రా. అది బాగా తెలిసినవాళ్ళకి అప్పజెప్పి, మనం ఉండాల్సిన చోట మనం ఉండాలి. నమ్మకమైనవాళ్ళని చూసుకుని మరీ అప్పజెప్పాలి. పసిదాన్ని ఎత్తుకుని వంతెన మీద తిరిగినప్పుడల్లా బ్రహ్మయ్య చెప్పిన మాట అదేనట.

కథ కంచిదాకా నడిచి వెళ్ళిపోయింది. ఇంక మీరు నిద్రలోకి నడవండి.