కుప్పమ్మ కూర్చున్న రోజు

ఒకప్పుడు ఏది చెదిరినా చెదిరినట్టే ఉండిపోయేది కాదు. తెల్లారేసరికి మళ్లీ తన చోటికి చేరేది.

సముద్రంలో కరిగిన ఉప్పు పొద్దున్నే ఒడ్డున కుప్పగా కనిపించేది. మొగలిపువ్వు విడిచిన వాసన తిరిగొచ్చి పువ్వులో దూరేది. చల్లారిన గంజి మళ్లీ పొగలు కక్కేది.

"చూశావా నా ఉప్పుని! దానంతట అదే ఒడ్డెక్కింది," అనేవాడు సముద్రుడు నురగమీసం దువ్వుకుంటూ.

"నా వాసనలు మాత్రం? దారి తప్పకుండా వాటంతట అవే ఇల్లు చేరాయి," అనేవాడు గాలిదేవుడు.

వాటంతట అవేమీ రాలేదు. కుప్పమ్మ తెచ్చేది.

కుప్పమ్మ ఒడ్డున, ఉప్పుకుప్పల పక్కన ఒక్కతే ఉండేది. ఆమెకు ఎవరూ లేరు. అందరూ చెదరగొట్టి వెళ్లాక ఆమె పని మొదలయ్యేది. నీళ్లలో చెయ్యిపెట్టి ఉప్పురవ్వల్ని ఒక్కొక్కటే ఏరేది. గాలిలో తిరిగే వాసనని కొంగుతో పట్టి పువ్వు దగ్గర దించేది. చల్లారిన గంజిని అరచేతులతో వెచ్చబెట్టేది.

అయితే ఏరడం ఊరికే అయ్యేది కాదు. ప్రతి రవ్వనీ గుప్పిట్లో పట్టుకుని తన ఒంటి వేడి కాస్త ఇవ్వాలి. అప్పుడే అది కదిలి తోటి రవ్వ పక్కకు చేరేది. ఆ వేడి మళ్లీ ఆమెకు దక్కేది కాదు. నీళ్లలోకి, ఇసకలోకి, గాలిలోకి జారిపోయేది. పోనీ దాన్నీ ఏరుకుందామంటే, పిడికెడు వేడి ఏరడానికి రెండు పిడికిళ్ల వేడి ఖర్చయ్యేది.

లోకంలో అన్నింటినీ పోగుచేసే కుప్పమ్మ తనని తాను పోగుచేసుకోలేకపోయింది.

ఆమెతో మాట్లాడేవి ఉప్పురవ్వలే. అదీ గుప్పిట్లో ఉన్నంతసేపే. కుప్పలోకి చేరాక వాటి కబుర్లు వాటివి. ఒకరోజు ఒక ఉప్పురవ్వ అడిగింది, "నీ చేతులు ఇంత చల్లగా ఉన్నాయేం వదినా?"

కుప్పమ్మ చేతులు చూసుకుంది. గోళ్లు నీలంగా ఉన్నాయి. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఇంకెన్నాళ్లో వేడి మిగలదని ఆమెకు అర్థమైంది. నేరుగా సముద్రుడి దగ్గరికి వెళ్లింది.

"సముద్రయ్యా, కొన్నాళ్లు ఎండలో కూర్చుంటాను."

"ఎవరమ్మా నువ్వు?"

"రోజూ నీ ఉప్పు ఏరేదాన్ని."

సముద్రుడు అలలు అలలుగా నవ్వాడు. "ఏరడమేంటి? అది ఎక్కుతుంది, ఉంటుంది. కూర్చుంటానంటే కూర్చో. దానికి నన్నడగాలా?"

గాలిదేవుడు అటే వెళ్తూ ఆగాడు. "అయినా నీకు పనేముందని అలసట? ఎప్పుడు చూసినా ఈ ఒడ్డునే ఉంటావు!"

కుప్పమ్మ తన చోటికి వచ్చి మోకాళ్లు దగ్గరికి తీసుకుని కూర్చుంది.

మర్నాడు ఒడ్డున ఉప్పు లేదు.

మొగలిపొద వాసన లేకుండా నిలబడింది. గంజి చల్లారి తొరక కట్టింది. సముద్రుడు మండిపడి అందర్నీ పిలిచాడు. కుప్పమ్మ కూర్చున్నచోటికి వాళ్ల మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయి.

"ఉప్పుకి ఒళ్లు కొవ్వెక్కింది," అన్నాడు సముద్రుడు.

"ఈకాలం వాసనలకు తిరుగుళ్లు ఎక్కువయ్యాయి. గడప దాటితే ఇల్లు గుర్తుండదు," అన్నాడు గాలిదేవుడు.

నీళ్లలోంచి ఉప్పురవ్వ గట్టిగా అంది. "మమ్మల్నంటారేం? మాకు చెదరడం ఒక్కటే చేతనవును. ఏనాడూ మా అంతట మేం రాలేదు. వదిన తెచ్చేది!"

"ఏ వదిన?"

ముందురోజే మాట్లాడినా, ఎవరికీ ముఖం గుర్తురాలేదు.

"నేను వీపు చూశాను," అన్నాడు గాలిదేవుడు నెమ్మదిగా.

"నేను పాదాలు చూశాను," అన్నాడు సముద్రుడు.

"నేను నీడ చూశాను," అన్నాడు సూర్యుడు.

ముగ్గురూ కదిలి వచ్చారు. వాళ్లు వస్తుంటే కుప్పమ్మ తలెత్తి చూసింది. పేరు అడుగుతారనుకుంది. చలేస్తోందా అని అడుగుతారనుకుంది. ఎవరైనా పక్కన కూర్చుంటారేమోనని కాస్త జరిగి చోటు కూడా ఇచ్చింది.

"లేవమ్మా, చాలా పని పడి ఉంది," అన్నాడు సముద్రుడు.

కుప్పమ్మ మూసిన గుప్పిలి చాపింది. "నాలో మిగిలింది ఇంతే వేడి. దీంతో ఒక్కరోజు ఉప్పు కుప్ప పెట్టగలను. తర్వాత నేనుండను. పెట్టమంటావా?"

సముద్రుడు ఖాళీ ఒడ్డుని చూశాడు. ఆమెను చూశాడు. మళ్లీ ఒడ్డుని చూశాడు.

"మరి... పెట్టు," అన్నాడు.

సూర్యుడు తల దించుకున్నాడు.

కుప్పమ్మ నవ్వింది. ఉప్పు జోలికి పోలేదు. ఎవరికోసమూ కాకుండా, మొదటిసారి తనకోసం గుప్పిలి తెరిచింది. వేడి మెల్లగా బయటికి నడిచింది. ఎక్కడ చల్లగా ఉంటే అక్కడికి వెళ్లింది. తడి ఇసకలోకి, అలల్లోకి, గాలిలోకి. ఎవరికెంత అందిందో తెలియనంత పలచగా పరుచుకుంది.

"ఏరుకో వదినా, ఏరుకో!" అని అరిచింది ఉప్పురవ్వ.

"దేంతో ఏరుకోను?" అంది కుప్పమ్మ. అదే ఆఖరి మాట.

సూర్యుడు ఉలిక్కిపడి తన వేడంతా ఆ చోట కుమ్మరించాడు. అప్పటికే అక్కడ ఆమె లేదు. ఇసక మాత్రం వేడెక్కింది. ఆ సిగ్గుతోనే ఇప్పటికీ రోజూ ఉప్పుమడుల మీద కాస్తూ ఉంటాడు.

అప్పటినుంచే ఉప్పు నీళ్లలో దానంతట అదే కరుగుతుంది గానీ, దానంతట అదే బయటికి రాదు. ఎండ కాయాలి, ఉప్పునీళ్లలో కాళ్లు పగిలేలా నిలబడి ఎవరో లాగాలి. పువ్వు వాసన వెళ్లిందంటే వెళ్లిందే. గంజి ఎవరూ చూడకపోయినా చల్లారుతుంది, ఎందరు చూస్తున్నా వేడెక్కదు. నీళ్లు గడ్డకట్టి ఒద్దికగా కూర్చోవాలన్నా, ముందు తమ వేడిని చుట్టుపక్కలకి వదులుకోవాల్సిందే.

అప్పటినుంచే, ఎక్కడ ఏది పొందిగ్గా కనిపించినా, దాని వెనక ఎవరివో చేతులు చల్లబడి ఉంటాయి.