సీసపు గుండు, బంగారు కమ్మ

బంగారాన్ని గురివింద గింజెత్తు కూడా తేడా రాకుండా తూచే సోమలింగాచారి, చవక సరుకంటే మాత్రం చిన్నచూపు చూస్తూ, కొండ అడుగున జీలుగువలస అనే ఊళ్లో కంసాలి పని చేసుకుంటూ ఉండేవాడు. ముక్కుపుడక చేసినా మూడుసార్లు తూచేవాడు. అదే ఎవరైనా రాగి కడియం అతకమని తెస్తే మాత్రం ముఖం చిట్లించేవాడు.

ఆ ఊళ్లోనే హవల్దార్ కూర్మారావు ఉండేవాడు. సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి. చేల మీద అడవి పందులు పడినా, మందల్లో చిరుత చొరబడినా సర్కారువారు అతన్నే పంపేవారు. కొత్త తూటాలు ఆ కొండమూలకు దొరికేవి కావు. అందుకని కాల్చిన తూటాల ఇత్తడి గొట్టాలు దాచుకుని, వాటిలో మళ్లీ మందు నింపి, కొత్తగా సీసపు గుండు బిగించుకునేవాడు. మందు కొలిచే పని తనది. గుండ్లు పోత పోసే పని ఆచారిది.

"ఆచారీ, గుండ్లన్నీ కవల పిల్లల్లాగుండాల," అని ప్రతిసారీ చెప్పేవాడు కూర్మారావు. "ఒకటి బరువు, ఒకటి తేలికా అయితే, నాను ఒకే సోట గురిపెట్టినా తలో దారీ పోతాయి. సీసం సరిగ్గా పారకపోతే లోపల గాలి బుడగ ఉండిపోతాది. పైకి నున్నగానే కనిపిస్తాది. తూస్తే గానీ తెలీదు."

నమూనాకని ఒక మంచి గుండు ఇచ్చి, ప్రతి గుండునూ దానికెదురు పెట్టి తూచమనేవాడు. తేలికైనదాన్ని మళ్లీ కరిగించమనేవాడు.

రెండుసార్లు ఆచారి బుద్ధిగా అలాగే చేశాడు. మూడోసారి విసుగు పుట్టింది. 'బంగారం తూసే త్రాసులో సీసమా, సిగ్గుసేటు! అడివి పందికి గురివిందెత్తు తేడా తెలుస్తాదా ఏటి?' అని తనలో తనే నవ్వుకున్నాడు. అచ్చు సరిగా వేడెక్కకముందే గబగబా సీసం పోసేసి, పన్నెండు గుండ్లు గుడ్డలో మూటగట్టి ఇచ్చేశాడు.

"తూసినావా?" అని అడిగాడు కూర్మారావు.

"తూసినానండి," అన్నాడు ఆచారి, రెప్పయినా ఆర్పకుండా. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో చూడండి!

వారం తిరిగింది. ఒకరోజు పొద్దున్నే ఆచారి భార్య వరాలమ్మ పాలు పితకడానికి ఊరి చివరి పశువుల సాలకు వెళ్లింది. కాసేపటికి అటునుంచి కేకలు వినబడ్డాయి. ఆచారి పరుగున వెళ్లి, చేని గట్టు దగ్గరే కొయ్యబారిపోయాడు.

సాల మట్టిగోడ మీద చిరుత పొంచి ఉంది. దానికి మూరెడు కింద, గోడకు వీపు ఆనించి, దూడను పొట్టకు అదుముకుని వరాలమ్మ నిలబడి ఉంది. ఆమె కదిలితే అది దూకుతుంది. మనుషులు దగ్గరికెళ్లినా దూకుతుంది. ఊరంతా దూరం నుంచే చూస్తోంది.

కూర్మారావు తుపాకీతో వచ్చి గట్టు చాటున బోర్లా పడుకున్నాడు. సాల అక్కడికి వంద గజాలుంటుంది.

"బయపడకు ఆచారీ. మూరెడు ఎడముంది, సాలు. మొన్న నువ్విచ్చిన గుండ్లే ఇవి," అంటూ తూటా ఎక్కించాడు.

ఆ పన్నెండింటిలో ఏది మంచిదో, ఏది లోపల బోలుదో ఆచారికే తెలియదు. 'ఆగండి' అనాలి. అంటే అబద్ధం బయటపడుతుంది. చుట్టూ ఊరి జనం. ఇంత పేరున్నవాడికి ఇందరిలో తలవంపులా? భార్య ప్రాణం ఎదుట ఉండగా ఆ మనిషి పరువు గురించి ఆలోచించాడు! అంతలోనే తుపాకీ పేలింది.

చిరుత ఒక్క గెంతులో గోడ అవతలికి దూకి అడవిలోకి పారిపోయింది. వరాలమ్మ కుప్పకూలిపోయింది. ఆమె మెడంతా నెత్తురు.

"వరాలూ!" అంటూ ఆచారి పడుతూ లేస్తూ పరుగెత్తాడు.

ఆమె బతికే ఉంది. గుండు ఆమె చెవి తమ్మెను చీల్చుకుంటూ పోయి గోడలో దిగింది. వేలెడు లోపలికి వచ్చి ఉంటే తలే పోయేది. చెవికున్న కమ్మ ఊడి, సొట్టపడి దుమ్ములో పడి ఉంది. అది ఆచారి తన చేతులతో చేసిన కమ్మ.

కూర్మారావు తుపాకీని గట్టు మీదే వదిలేసి వచ్చాడు.

"ముప్పై ఏళ్లనుంచి ఇలాగెప్పుడూ అవనేదు. నా కన్ను పోనాది. ఆడమనిషిని సంపబోయినాను. ఇంక నాను తుపాకీ ముట్టను," అంటూ అంతటి మనిషీ అందరి ముందూ ఏడ్చాడు.

ఆ ఏడుపు ఆచారి చూడలేకపోయాడు.

"మీ కన్ను పోనేదు బాబూ. నాను తూసినానని అబద్ధమాడినాను," అన్నాడు.

ఆ పన్నెండింటిలో కూర్మారావు అప్పటికి ఆరు గుండ్లే తూటాలకు బిగించాడు. మిగతా ఆరూ తెప్పించి ఆచారి త్రాసులోనే తూచారు. రెండు పైకి తేలిపోయాయి. వాటిలో ఒకదాన్ని ఆచారే అందరిముందూ రంపంతో కోశాడు. లోపల సరిగ్గా గురివింద గింజ పట్టేంత బోలు ఉంది.

వరాలమ్మ చెవికి పసుపు గుడ్డ అదుముకుని, ఆ బోలు కేసి చూసింది.

"నా కమ్మ మూడుసార్లు తూసినారు కదండీ. గుండు ఒక్కపాలి తూయడానికి మీకు సెయ్యి రానేదా?" అంది.

వరాలమ్మ చెవి మానింది గానీ, ఆ తమ్మె మళ్లీ కమ్మను మోయలేదు. కూర్మారావు మళ్లీ తుపాకీ పట్టడానికి ఏడాది పట్టింది. ఆనాటి నుంచి ఆచారి ఆ కోసిన గుండును కుంపటి పక్కనే పెట్టుకుని, రాగి అయినా సీసమైనా తూచందే ఎవరి చేతికీ ఇవ్వలేదు.

సరుకు చవకైనదని పనిలో శ్రద్ధ తగ్గించకూడదు. చేయని పనిని చేశానని చెబితే, ఆ అబద్ధం ఎవరి ప్రాణం మీదికి వస్తుందో చెప్పినవాడికే తెలియదు.