ఆసుపత్రి తోటలో పూలదొంగలు

"దేవుడి కోసమని కోసినా దొంగతనం దొంగతనమే కదా, పిన్నిగారూ?" అని నీలవేణి అడిగింది.

మంగతాయారు గారికి ఒక అలవాటు. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చేతికి బొరిగె ఇస్తారు. అడిగినవాళ్ళు కూర్చుని కలుపు తీస్తుంటే సగం ప్రశ్నలు కలుపుతో పాటే ఊడి వచ్చేస్తాయని ఆవిడ నమ్మకం. నీలవేణి ఆ సాయంత్రం మడి అంతా శుభ్రం చేసింది. ప్రశ్న మాత్రం తుంగలా వేళ్ళు దిగి అక్కడే ఉంది.

ఆ ఊరి పూలతోటల సంఘానికి మంగతాయారు గారే పెద్దదిక్కు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పిట్టగోడ మీంచి కొమ్మలూ విత్తనాలూ ఇచ్చిపుచ్చుకుంటూ, వాటితో పాటు నాలుగు ఊసులూ ఇచ్చిపుచ్చుకుంటూ ఉండగా పుట్టిన సంఘం అది. మొక్కల కంటే ఊసులే ఏపుగా పెరిగేవని గిట్టనివాళ్ళంటారు. అననీండి. కొన్నాళ్ళకి వాళ్ళు గోడ దాటి ఊళ్ళోకి వచ్చారు. బస్టాండులో తురాయి నాటారు, శ్మశానం దారిలో గన్నేరు నాటారు, పోలీసు స్టేషను ముందు మల్లె పెట్టారు. స్టేషను ముందు మల్లెని ఎవరూ కోయలేదు సరికదా, దగ్గరికెళ్ళి వాసన చూసే సాహసం కూడా ఎవరూ చేయలేదు. స్టేషను వెడల్పు చేసినప్పుడు ఆ పొద ఏమైందో కూడా ఎవరూ అడగలేదు.

ఆఖరున పెద్దాసుపత్రి ఆవరణలో తోట వేశారు. దాని బాధ్యత నీలవేణిది. సంఘంలో అందరికంటే చిన్నది, ఉత్సాహం మాత్రం అందరికంటే పెద్దది. మందారం, నందివర్ధనం, కనకాంబరం, ముద్దగన్నేరు అన్నీ ఆమె చేత్తో నాటినవే. మొదటి మొగ్గ కనిపించిన రోజు ఇంటికెళ్ళి పాయసం చేసుకుంది కూడా.

ఆ మొగ్గ మర్నాడు లేదు. ఆ తర్వాతి మొగ్గలూ లేవు. రోజూ పొద్దున్న ఆమె వచ్చేసరికి తోటంతా నున్నగా గుండు కొట్టించుకున్నట్టు ఉండేది. ఇది చాలదన్నట్టు ఆసుపత్రి పెద్దడాక్టరు చక్రపాణి గారు కబురు పెట్టారు: "పూలతోట అన్నారు, ఒక్క పువ్వూ కనబడదు. పండగ వెళ్ళాక వచ్చి చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే చదును చేసి స్కూటర్ల స్టాండు వేయిస్తాను."

అదీ నీలవేణి గోడు. ముళ్ళకంచె వేయిద్దామంది. పోలీసులకి చెబుదామంది. కోసేది ఎవరో తెలిస్తే ఫొటో తీసి ఊరంతా అతికిద్దామంది. మంగతాయారు గారు అంతా విని, "రేపు చీకటితోనే రా, అమ్మాయ్," అన్నారు.

మర్నాడు ఇద్దరూ ముద్దగన్నేరు చాటున కూర్చున్నారు. తూరుపు తెల్లబడుతుండగా ఒక దోటికర్ర, దాని వెనకాల ఒక ప్లాస్టిక్ సంచీ, ఆ రెంటి మధ్యా గవర్రాజు గారూ వచ్చారు. బస్సు కండక్టరుగా పనిచేసి దిగిపోయిన పెద్దమనిషి. దోటి కొక్కెం కొమ్మకి తగిలించి ఒక్క లాగు లాగారు. మందారం ఫెళ్ళుమంది. నీలవేణి గుండె కూడా.

ఆమె దూకబోతుంటే మంగతాయారు గారే ముందు లేచి వెళ్ళి, ఇంకో కొమ్మని వంచి, ఆయన చేతికందేలా పట్టుకున్నారు.

గవర్రాజు గారు దోటిని వీపు వెనక దాచబోయారు. జీవితమంతా టిక్కెట్టు లేనివాళ్ళని పట్టుకున్న మనిషికి తాను పట్టుబడటం కొత్త. "దేవుడికండీ," అన్నారు.

"ఏ దేవుడికి?"

"రాముడికండి, ఆయ్."

"మరి మొగ్గలెందుకు కోశారు? రేపటి పువ్వు ఇవాళే కోసేస్తే, రేపు రాముడు పస్తేనా?"

ఆయన సంచీలోకి చూసుకుని తల గోక్కున్నారు.

"దోటి వద్దు. కాడ దగ్గర గోటితో తుంచండి, ఇలా," అని మంగతాయారు గారు తుంచి చూపించారు. "ఈ మందారం ఇవాళ్టినుంచీ మీ రాముడిది. పక్క చెట్టు ముట్టుకోకండి. దీనికి నీళ్ళు మాత్రం మీరే పోసుకోవాలి."

అక్కడితో ఆగితే నీలవేణి సర్దుకునేదేమో. ఆ వారమంతా మంగతాయారు గారు అదే పని. చంటిపిల్లాడితో వార్డులో ఉన్న మనవరాలి మంచానికి పువ్వులు కట్టాలని వచ్చే పైడమ్మకి నందివర్ధనం ఇచ్చారు. రోజూ జడలోకి కనకాంబరాలు కోసుకెళ్ళేది సాక్షాత్తూ హెడ్ నర్సు సువార్తమ్మ అని తేలితే, ఆ మడి ఆవిడకే రాసిచ్చినట్టు ఇచ్చేశారు.

"బావుంది పిన్నిగారూ, దొంగలకి వాటాలు పంచుతున్నారు," అంది నీలవేణి కళ్ళనీళ్ళతో. "డాక్టరు గారొస్తే నేనేం చూపించను?"

మంగతాయారు గారు బొరిగె ఇచ్చారు.

పండగ వెళ్ళింది. చక్రపాణి గారు రానే వచ్చారు, వెంట కొలతల టేపుతో ఒక మేస్త్రీ. అప్పటికి పొద్దెక్కింది, అందరి పూజలూ అయిపోయాయి. తోటలో పచ్చగా ఆకులున్నాయి, పువ్వంటూ ఒక్కటి లేదు. నీలవేణి మొహం చూస్తే మందారం ఆకులే నయమనిపించేలా ఉంది.

"ఇంకేముంది చూడ్డానికి. ఆ మూల పట్టుకోవయ్యా," అని మేస్త్రీకి టేపు కొస ఇచ్చి, చక్రపాణి గారు కొలత కోసం వెనక్కి ఒక్కో అడుగే వేస్తూ మందారం పాదులో కాలు పెట్టారు.

"ఓ అయ్యా! కళ్ళు నెత్తికెక్కాయా? కాలు తియ్యండి ముందు!"

బస్సు వెనక మెట్టు నుంచి డ్రైవరుకి వినిపించేలా అరిచిన గొంతు అది. చక్రపాణి గారు ఎగిరి ఇవతలకి దూకారు. చేత్తో చెంబు పట్టుకుని గవర్రాజు గారు వస్తున్నారు. "పొద్దున్నే నీళ్ళు పోశాను, బురదలో మొద్దులా దిగిపోయారు. వేరు తెగితే రాముడికి మీరు జవాబు చెబుతారా?"

"ఏంటి బాబూ, కొలత్తన్నారేటి?" అంటూ పైడమ్మ వచ్చి నందివర్ధనానికి అడ్డంగా నిలబడింది. "ఈ చెట్టు నాది. దీని మీద టేపెట్టావంటే ఊరుకోను." వార్డుల్లోంచి ఇంకొందరు వచ్చారు. ఎవరి చెట్టు దగ్గర వాళ్ళు నిలబడ్డారు.

డాక్టరు గారు దిక్కులు చూసి తన హెడ్ నర్సుని పిలిచారు. "సువార్తమ్మా, ఎవరు వీళ్ళంతా? కాస్త చెప్పి పంపించు."

సువార్తమ్మ జడలో చారెడు కనకాంబరాలున్నాయి. ఆవిడ నేల చూస్తూ, "చెబుతాను సార్. మీరు మాత్రం ఆ మడి తొక్కకండి, అది నాది," అంది.

చక్రపాణి గారు ఆ జడకేసీ, వార్డు కిటికీల్లోంచి కనబడే మంచాలకి కట్టిన నందివర్ధనాలకేసీ, బురదైన తన బూటుకేసీ చూశారు. తర్వాత మేస్త్రీతో, "టేపు చుట్టెయ్. స్కూటర్లకి వెనకవైపు చోటుంది," అన్నారు.

జనం ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. నీలవేణి కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్న మంగతాయారు గారి పక్కకి చేరి, నవ్వాలో ఏడవాలో తెలియక, "మరి ఇక దొంగలెవరూ లేనట్టేనా, పిన్నిగారూ?" అంది.

మంగతాయారు గారు చేతులు చెంగుకి తుడుచుకున్నారు.

"రేపు ఎవరైనా కొత్తవాళ్ళొస్తారేమో. గేటుకి గొళ్ళెం పెట్టకు."