ముళ్లవ్వ గెలిచిన పందెం

అనగనగా అన్నానంటే ఊఁ కొట్టాలి. కొట్టారా? సరే. అనగనగా ఒక అడవిలో ఒక గుట్ట. గుట్ట నిండా బొరియలు. వానాకాలం వస్తే జంతువులన్నీ ఆ బొరియల్లోనే తలదాచుకునేవి.

ఎవరికి ఏ బొరియ? దానికో పందెం. తొలకరికి ముందు వడ్రంగిపిట్ట చెట్టు మీద టకటకా కొట్టగానే అందరూ గుట్ట ఎక్కాలి. ముందు ఎవరి కాలు పడితే ఆ బొరియ వాళ్లది. తీర్పు చెప్పేది తాబేలు తాత. "అందరికీ ఒకే దారి, ఒకే దూరం. ఇంతకన్నా న్యాయం ఏముంటుంది?" అనేవాడు. ఆయనకేం, ఇల్లు వీపు మీదే ఉందాయె!

ఆ అడవిలో ముళ్లవ్వ అని ఒక ముసలి ముళ్లపంది ఉండేది. వయసులో ఉన్నప్పుడు ఎన్నో పందేలు గెలిచింది. ఇప్పుడు మోకాళ్లు పట్టేశాయి. పోయినేడు బొరియ దొరకలేదు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. అవ్వ చెబితేగా తెలిసేది!

ఉడుత ఎదురై, "ఎక్కడికవ్వా?" అంటే, "చెల్లెలింటికే" అనేది.

నక్క ఎదురై, "ఎక్కడికవ్వా?" అంటే, "కూతురింటికి నాయనా" అనేది.

కుందేలు చెంగన్న ఎదురై, "ఎక్కడికవ్వా?" అంటే, "మనవరాలింటికిరా" అనేది.

"అబ్బో, అవ్వకి ఎన్ని ఇళ్లో!" అని అందరూ నవ్వుకునేవాళ్లు.

ఎండాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం ఎండ ఉండగానే వాన దంచేసింది. చెంగన్న పరిగెత్తి ఒక బండ కింద దూరాడు. అక్కడ ముళ్లవ్వ! తడిసిన ఆకుల మీద ముడుచుకుని దగ్గుతోంది.

"ఇదేనా అవ్వా, మీ మనవరాలిల్లు?"

అవ్వ తల దించుకుంది. "ఎవరితోనూ నా పేరు చెప్పకురా. పరువు పోతుంది. ఏడాదిగా ఇక్కడే ఉన్నా. ఇంకో వానాకాలం ఇలా గడిస్తే మాత్రం బతకను."

"నీ పేరు చెప్పను. పోయినేడు నీ బొరియ ఎవరు తీసుకున్నారు?"

అవ్వ మెల్లగా తన తల తడుముకుంది. అప్పుడు గుర్తొచ్చింది చెంగన్నకి. పోయినేడు గుమ్మం దగ్గర అడ్డంగా ఎవరో ఉంటే, వాళ్ల తల మీంచి ఒక్క గెంతు గెంతి లోపల పడ్డాడు. ఆ గెంతు గురించి ఏడాదంతా గొప్పలు చెప్పుకున్నాడు. ఆ తల అవ్వదే! సిగ్గుతో చచ్చిపోయాడు పాపం.

పందెం రోజు వచ్చింది. టక, టక, టక! చెంగన్న అందరికన్నా ముందు గుట్ట ఎక్కాడు. ఎక్కి, బొరియలోకి వెళ్లలేదు. దారి ఇరుకైన చోట అడ్డంగా కూర్చున్నాడు. వెనకొచ్చేవాళ్లంతా ఒకరి మీద ఒకరు పడ్డారు.

"నీకేమైనా పిచ్చా? లే!" అని అరిచింది నక్క.

"లేవను. నేను పోయినేడు గెలవలేదు. ఒక పెద్దావిడ తల మీంచి గెంతి ఆవిడ ఇల్లు లాక్కున్నాను. ముందు ఆవిడ వెళ్లాలి. ఆ తర్వాతే మనం."

"ఇదేం పేచీరా?" అన్నాడు తాబేలు తాత. "దూరం అందరికీ ఒకటేగా!"

"దూరం ఒకటే తాతా. కాళ్లు ఒకటేనా?"

తాత చెంగన్న కాళ్లు చూశాడు, తన పొట్టి కాళ్లు చూసుకున్నాడు. అప్పుడు గుట్ట కింద పొద కదిలింది. ముళ్లవ్వ బయటికొచ్చింది.

"వాడు చెప్పింది నా గురించే. నాకు చుట్టాలూ లేరు, ఇల్లూ లేదు. కానీ జాలిపడి చేతిలో పెడితే నాకొద్దు. దారి వదలండి. నేనే నడిచి ఎక్కుతా."

అందరూ దారి వదిలారు. అవ్వ ఒక్కో అడుగే వేసింది. సగంలో ఆగింది, దగ్గింది, మళ్లీ నడిచింది. అంతలో ఇంకో పొద కదిలింది. తీర్థాలకి వెళ్లిందనుకున్న ముసలి ముంగిస బయటికొచ్చింది. రాళ్ల చాటు నుంచి ముసలి ఉడుము. దాని వెనక ఇంకో ఇద్దరు. ఓరి నాయనో, ఇంతమందా!

తాబేలు తాత కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇల్లు వీపున మోసుకు తిరిగేవాణ్ణి, నా కళ్లకి వీళ్లు కనపడలేదు. ఇకనుంచి పెద్దవాళ్లు ఎక్కాకే పందెం!"

"మరి బొరియలు చాలకపోతే?" అంది నక్క.

"గోళ్లున్నాయిగా, తవ్వుదాం పద!" అన్నాడు చెంగన్న.

అవ్వ కాలు బొరియలో పడింది. వడ్రంగిపిట్ట చెట్టు విరిగేలా కొట్టింది. గుట్టంతా ఈలలు, కేకలు! ఏ పందెంలో ఎవరు గెలిచినా అంత సందడి జరగలేదు. ఆ మర్నాటి నుంచి వయసులో ఉన్నవాళ్లంతా తవ్వకానికి దిగారు. సణుక్కుంటూనే అందరికన్నా ఎక్కువ తవ్వింది ఎవరనుకున్నారు? నక్కే!

తొలకరి కురిసింది. ఆ వానలో బయట తడిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఉడుత కొమ్మ మీంచి గట్టిగా పిలిచింది. "ఎక్కడికవ్వా?"

బొరియలోంచి నవ్వు వినిపించింది. "ఎక్కడికీ లేదే! ఇంట్లోనే ఉన్నా. నువ్వే రా!"

నీతి: తలదాచుకునే చోటు లేదని పెద్దవాళ్లు నోరు విప్పి చెప్పరు, మనమే చూసి తెలుసుకోవాలి. ఇల్లు పరిగెత్తగలిగినవాళ్లకి ఇచ్చే బహుమతి కాదు, అందరికీ ఉండి తీరాల్సింది.